పసుపు గుంజల మధ్య

పదకొండుంబావుకి నేను గోల్ఫ్ మైదానానికి తిరిగొచ్చేసరికి మామగారు అక్కడ లేరు.

మొదట కంగారు పడలేదు. రేకుల షెడ్డు నీడలో కూర్చుని ఉంటారనుకున్నాను. లేరు. వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర చూశాను. అక్కడా లేరు. పొద్దున్న నేను దింపిన చోట ఎర్రమట్టిలో పడిన ఆయన బూట్ల గుర్తులు గాలికి సగం చెరిగిపోయాయి. షెడ్డు గోడకి తగిలించిన థర్మామీటరు నలభై మూడు చూపిస్తోంది.

"మామగారూ" అని కేకేశాను. చెట్లలోంచి కాకి ఒకటి లేచిపోయింది. అంతే.

ఆయన పేరు మోరివాకి షిగెనోబు. అరవై ఆరేళ్ళు. జపాన్‌లో గిఫు అనే ఊళ్ళో రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. నా భార్య నత్సుమి ఆయన ఒక్కగానొక్క కూతురు. మా పెళ్ళికి రాలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు కూతురితో మాట్లాడలేదు. మొన్న శుక్రవారం మొదటిసారి మా గని ఊరు యారబిన్‌లో దిగారు, చేతిలో నాకో పెట్టెతో. అందులో డజను గోల్ఫ్ బంతులు. ఒక్కో బంతి మీదా బంగారు రంగులో నా ఇంటిపేరు, ట్రెలోర్ అని అచ్చు వేయించారు. ఆయనకి ఇంగ్లిషు అంతంతమాత్రం, నాకు వాళ్ళ భాష అన్నం దగ్గర చెప్పే నాలుగు ముక్కలే. మా ఇద్దరికీ కలిసిన విషయం గోల్ఫ్ ఒక్కటే.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనే అన్నాను, రేపు ఆటకి వెళ్దామని. ఆయన కళ్ళు వెలిగాయి. నత్సుమిని మధ్యలో పెట్టుకుని ప్రశ్నలు మొదలెట్టారు.

"మన వంతు ఎన్నింటికి అని అడుగుతున్నాడు."

"వంతులేం ఉండవు. ఎప్పుడు పోతే అప్పుడే."

"కర్రల సంచీ మోసే అమ్మాయి ఎవరూ అని."

"అమ్మాయి లేదు, అబ్బాయి లేడు. గేటు దగ్గర డబ్బాలో పది డాలర్లు వేసి ఎవరి బండి వాళ్ళు లాక్కోవడమే."

"తొమ్మిది గుంతలు అయ్యాక భోజనం ఎక్కడ చేస్తారూ?"

"ఆగం. పద్దెనిమిదీ ఒక్క ఊపులో ఆడేస్తాం."

"మరి ఆట అయ్యాక స్నానం?"

"ఇంటికొచ్చి."

ఆయన చాలాసేపు ఆలోచించి ఏదో అన్నారు. నత్సుమి నవ్వింది. ఆయన వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏమన్నారు?"

"దాన్ని గోల్ఫ్ అనరు, కూలిపని అంటారట."

ఆ నవ్వు చూసి నాకు ఎంత సంబరమేసిందో. ఈ రోజు బాగా గడిస్తే తండ్రీకూతుళ్ళు కలిసిపోతారనుకున్నాను.

పొద్దున్న ఆరింటికి గని నుంచి ఫోను. నేను అక్కడ పంపుల మెకానిక్కుని. పెద్ద పంపు ఆగిపోయింది, కింద నీళ్ళు చేరుతున్నాయి, గంట పని అన్నారు. మామగారిని మైదానంలో దింపి, ఆ కొత్త బంతులు వేసిన సంచీతో లాగుడు బండి చేతికిచ్చి, "మీరు మొదలెట్టండి, గంటలో వచ్చి కలుస్తా" అన్నాను. ఆయన చుట్టూ చూశారు. తన గుండె మీద వేలు పెట్టుకుని, "ఒక్కడినేనా?" అన్నారు.

"అవును. హాయిగా" అని బొటనవేలు పైకెత్తాను.

మా దగ్గర ఒంటరిగా ఆడటం మామూలే. భార్యతో గొడవపడ్డవాడూ, డ్యూటీ దిగినవాడూ, ఊరికే తోచనివాడూ పోయి ఒక్కడే ఆడుకొస్తాడు. వాళ్ళ దగ్గర అలా కాదు. ఆటకి పిలిచినవాడు అతిథిని ఇంటి గుమ్మం దగ్గర ఎక్కించుకుని మళ్ళీ అదే గుమ్మం దగ్గర దింపేదాకా పక్కనే ఉంటాడు. ఆ సంగతి నత్సుమి నాకు పెళ్ళికి ముందే చెప్పింది. తెలిసే వదిలేశాను. గంటే కదా అనుకున్నాను. ఆయన తల వంచి నమస్కరించి బంతి కొట్టే మొదటి గట్టు వైపు నడిచారు. కాదనడం ఆయనకి మర్యాద కాదు.

ఆ గంట దాదాపు అయిదు గంటలైంది.

మైదానంలో ఫోను పలకదు. బండి రేడియోలో మెర్వ్ పెంగెల్లిని పిలిచాను. మెర్వ్ మా క్లబ్బు కార్యదర్శి, డెబ్బై దాటినవాడు, ఈ చుట్టుపక్కల పాత బంగారు గనులన్నీ ఎరిగినవాడు.

"మెర్వ్, మామగారు కనపడటం లేదు."

"ఎంతసేపట్నుంచి?"

"తెలీదు. నేనిప్పుడే వచ్చా."

"ఒరే రస్, ఈ ఎండలో నువ్వు ఆ ముసలాయన్ని ఒక్కడినే వదిలావా?"

"వదిలాను."

"నీళ్ళు?"

"ఒక సీసా."

"అందరినీ పోగేసుకొస్తున్నా. కదలకుండా ఉండు."

నేను కదిలాను. గుంతల వెంబడే బండి తోలాను. ఒక్కో గుంత చుట్టూ ఉండే నల్లిసుక వలయం దగ్గరా ఆగి చూశాను. ఆ ఇసుకకి నూనె పట్టించి ఉంటుంది, అడుగు వేస్తే ముద్ర పడుతుంది. బంతిని దొర్లించేముందు దారిని అక్కడున్న పలకతో చదును చేసుకుంటాం. మామగారు ప్రతి వలయాన్నీ, దారిని మాత్రమే కాదు, అంచు నుంచి అంచు దాకా చదును చేసి పెట్టారు. అలా పన్నెండు వలయాలు దువ్విన జుట్టులా ఉన్నాయి. పదమూడోది గరుగ్గా, పాత అడుగులతో అలాగే ఉంది.

ఆయన లాగుడు బండి పదమూడో గుంత గట్టు పక్కన, బాట మీద నిలబడి ఉంది. నీళ్ళ సీసా ఖాళీ. తువ్వాలు నాలుగు మడతలేసి పిడికి కట్టి ఉంది. సంచీలో రెండు కర్రలు తక్కువ. బంతి కింద వేసుకునే పచ్చ చాప ముక్క కూడా లేదు. మా మైదానంలో గడ్డి మొలవదు కాబట్టి అందరం ఆ ముక్క చేత్తో పట్టుకుని తిరుగుతాం.

గట్టు మీద, బంతిని నిలబెట్టే చెక్క మేకు ఒకటి విరిగి పడి ఉంది. కుడివైపు నలభై అడుగుల్లో కంచె, కంచె అవతల అడివి.

పావుగంటలో ఎనిమిది బండ్లు వచ్చాయి. సార్జెంట్ కోరిన్ ఆబట్ దిగింది. ఆమె వెనక బండిలోంచి నత్సుమి. ఆమె ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు, ఆ నీలం దుస్తులతోనే పరిగెత్తుకొచ్చింది.

"నాన్నేడి?"

"వెతుకుతున్నాం."

"వెతకడమేంటి? నువ్వు పక్కన లేవా?"

ఆమె నా చేతులకంటుకున్న గ్రీజు చూసింది. చూసి మొహం తిప్పేసుకుంది.

మెర్వ్ గట్టెక్కి విరిగిన మేకు చూశాడు, కంచె చూశాడు. "ఈ గుంత దగ్గర అందరి బంతీ కుడికే పోతుంది. కంచె దాటింది. కొత్త బంతి కదా, దానికోసం దూకాడు. నేనైనా దూకుతా."

"నువ్వు దూకితే కంచె పడుతుంది మెర్వ్" అన్నారు వెనకెవరో. ఎవరూ నవ్వలేదు.

మా దగ్గర హద్దు దాటిన బంతిని వదిలేసేవాడు లేడు. పాము కనపడ్డా కర్రతో పొదలు కొడుతూ పోయి తెచ్చుకుంటాం. అందుకే ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. పద్దెనిమిది మందిమి వరసగా నిలబడి, చేయికి చేయి దూరంలో అడివిలోకి నడిచాం.

"పసుపు గుంజలు కనపడితే దూరంగా తిరిగి రండి" అని మెర్వ్ కేకేశాడు. "వెతకడానికొచ్చినవాడిని మళ్ళీ వెతికే ఓపిక నాకు లేదు."

ఆ మాట చెప్పక్కర్లేదు. యారబిన్ చుట్టూ నూరేళ్ళ కిందట తవ్వి వదిలేసిన గని బావులు వందల్లో ఉన్నాయి. పైన పాత చెక్కలు కప్పి, మట్టి పరుచుకుని, చూడ్డానికి నేలలాగే ఉంటాయి. ఊరి కౌన్సిల్ ఒక్కో బావికీ అటొక పసుపు గుంజ, ఇటొక పసుపు గుంజ పాతింది. బడిలో చేర్చకముందే మా పిల్లలకి నేర్పే సంగతి అది, రెండు పసుపు గుంజలు కనపడితే వెనక్కి తిరిగి వచ్చెయ్యాలని. నలభై ఏళ్ళలో నేను వాటి దగ్గరికి పోలేదు. మాకవి కనపడటం కూడా మానేశాయి.

నలభై నిమిషాలు వెతికాం. మనిషి ఈ ఎండలో నీళ్ళు లేకుండా ఎంతసేపు ఉంటాడో నత్సుమి నోటితో చెప్పలేదు. కానీ అయిదు నిమిషాలకోసారి గడియారం చూసుకుంటోంది. నేను ఆమె పక్క వరసలోనే ఉన్నాను. మా మధ్య అయిదడుగులు. ఒక్క మాట లేదు. నా నాలుక ఎండి అంగిలికి అతుక్కుపోయింది. ఆయన నాలుక ఎలా ఉందో అనుకుంటూ అడుగులు పెద్దవి చేశాను.

పన్నెండు ఇరవైకి సార్జెంట్ చెయ్యెత్తింది. "ఇక్కడ."

పరిగెత్తాం. మనిషి కాదు. బంతి. గట్టుకి చాలా దూరంగా, కంచెకి ఇరవై అడుగుల్లో, బోసి నేల మీద తెల్లగా మెరుస్తోంది. దాని మీద నా ఇంటిపేరు.

మెర్వ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇంత కళ్ళెదురుగా ఉంటే తీసుకోకుండా ఎటు పోయాడు?"

నత్సుమి ఆ బంతినే చూస్తూ నిలబడింది. తర్వాత కంచె వైపు చూసింది. "నాన్న ఇటు రానేలేదు."

"మరి బంతి?"

"బంతి వచ్చింది. ఆయన రాలేదు. హద్దు దాటిన బంతిని మా వాళ్ళు వెతకరు."

"వెతక్కుండా? అక్కడే నిలబడి ఇంకోటి కొడతారా?" అన్నాను. ఆమె నాతో మాట్లాడినందుకే ప్రాణం లేచొచ్చింది.

"అది కూడా కాదు. ముందుకి నడుస్తారు. మా మైదానాల్లో దారి మధ్యలో ఇంకో చోటు పెడతారు, హద్దు దాటించినవాళ్ళ కోసం. అక్కడ నిలబడి నాలుగో దెబ్బ కింద లెక్కేసుకుని కొడతారు."

"మా దగ్గర అలాంటి చోటు లేదు" అన్నాడు మెర్వ్.

"ఆయనకి ఆ సంగతి తెలీదు. ఆట నేర్చినప్పట్నుంచీ ప్రతి మైదానంలోనూ చూశాడు. ఉంటుందనుకుని వెళ్ళి ఉంటాడు."

"ఇదే ఆ చోటు అని ఎలా తెలుస్తుంది?"

"రెండు గుర్తులుంటాయి. వాటి మధ్య నిలబడి కొట్టాలి."

"ఏం గుర్తులు?"

అడుగుతూనే నాకు అర్థమైంది. ఆమె మొహంలో రంగు అప్పుడే పోయింది.

"పసుపువి" అంది.

పదమూడో గట్టు నుంచి చూస్తే ఎడమపక్క, రెండు వందల అడుగుల దూరంలో చిన్న దిబ్బ ఉంది. దాని మీద రెండు పసుపు గుంజలు. నేను ఇందాక ఆ గట్టు మీద నిలబడి అటే చూశాను. చూసి వదిలేశాను.

పరిగెత్తాను. వెనక మెర్వ్ అరుస్తున్నాడు. "పడుకో రస్, పొట్ట మీద పాకు. నిలబడితే నువ్వూ పోతావు." దిబ్బకి పదడుగుల్లో బోర్లా పడి పాకాను. రెండు గుంజల మధ్య నేల లేదు. బండి చక్రమంత నల్లటి రంధ్రం. దాని అంచున పచ్చ చాప ముక్క, పద్ధతిగా, గుంజలకి సరిగ్గా నడిమధ్యలో పరిచి ఉంది.

"మామగారూ."

ఏమీ లేదు. అంచు నుంచి మట్టి సన్నగా లోపలికి కారుతోంది.

"మామగారూ."

అప్పుడు వినపడింది. రాతి మీద ఇనుము. టక్, టక్, టక్. ఆగి మళ్ళీ మూడు. గోల్ఫ్ కర్రతో గోడ కొడుతున్నారు. ఎంతసేపట్నుంచి కొడుతున్నారో, మేమంతా కంచె అవతల తిరుగుతుంటే.

టార్చి వేసి చూశాను. ముప్పై అడుగుల లోతు. నడుము దాకా మట్టిలో కూరుకుపోయి, పైన విరిగిన దూలం అడ్డంగా. తెల్ల జుట్టు ఎర్రగా మారింది. ఆయన కళ్ళెత్తి వెలుగులోకి చూసి తల వంచారు. అక్కడ కూడా నాకు నమస్కారం పెట్టారు.

నత్సుమి నా పక్కకి పాకి వచ్చి వాళ్ళ భాషలో పిలిచింది. కింద నుంచి పొడి గొంతు రెండు మాటలు చెప్పింది.

"ఏమన్నారు?"

"కాళ్ళు తెలియడం లేదట. పడి మూడు గంటలు దాటిందట."

సార్జెంట్ రేడియోలో విమానంలో వచ్చే వైద్యుడిని పట్టుకుంది. విమానం నలభై నిమిషాల్లో ఊరి రన్‌వే మీద దిగుతుంది. పెద్ద గని రక్షకదళం రావడానికి గంటా యాభై నిమిషాలు. మూడు గంటలు కాళ్ళు నలిగి ఉన్నాయని విని వైద్యుడు గొంతు మార్చాడు. "ఎవరూ ఆయన్ని లాగకండి. నలిగిన కండలోని విషం ఒక్కసారిగా గుండెకి పోతుంది. మట్టి తియ్యకముందే సెలైన్ ఎక్కించాలి. ఒక లీటరైనా."

"ముప్పై అడుగుల లోతులో ఎవరు ఎక్కిస్తారు డాక్టర్?"

"మీ దగ్గర నర్సుందా?"

మెర్వ్ నేల మీద చెంప ఆనించి బావి గోడలు చూసి వచ్చాడు. నా చెవిలో అన్నాడు. "దళం వచ్చేదాకా ఇది ఆగదు. అరగంట, మహా అయితే ముప్పావు గంట."

నత్సుమి అప్పటికే సంచీలో సెలైన్ సీసాలు సర్దుకుంటోంది.

"నేను దిగుతా" అన్నాను. "ఎలా గుచ్చాలో పైనుంచి చెప్పు."

"నీ బరువు తొంభై కిలోలు. నువ్వు కాలు పెడితే అంచు కూలుతుంది. నాది నలభై ఎనిమిది."

"నత్సుమి, నిన్ను పంపలేను."

"నిన్నెవరు పంపమన్నారు? పైన తాడు పట్టుకోవడానికి మనిషి కావాలి. అది నువ్వు. ఈసారి ఎక్కడికీ పోకు."

సార్జెంట్ వద్దంది. పోలీసుగా తాను ఒప్పుకోనంది. నత్సుమి ఆమె కళ్ళలోకి చూసి, "రాసుకోండి, నేను మీ మాట వినలేదని" అంది. సార్జెంట్ పోయి మెర్వ్ బండిలోంచి నిచ్చెనలు దింపింది.

రెండు పొడుగు నిచ్చెనలు రంధ్రానికి అడ్డంగా వేశాం, బరువు దూరంగా పడేలా. పైన మెర్వ్ బంగారం వెతుక్కోవడానికి వాడే మూడుకాళ్ళ స్టాండు, చేత్తో తిప్పే చక్రం. రక్షణ పట్టీ ఒక్కటే ఉంది. అది ఆయనకి. ఆమెకి చంకల కింద మామూలు తాడు. ముడి నేనే వేశాను. మూడుసార్లు వేశాను. రెండుసార్లు తప్పింది.

ఆమె దిగింది. తాడు నా అరచేతుల్లోంచి అంగుళం అంగుళం జారుతుంటే లెక్క పెట్టుకున్నాను. పదిహేను అడుగుల దగ్గర పెద్ద పెళ్ళ ఊడి పడింది. కింద దగ్గు.

"నత్సుమీ."

"ఉన్నా. వదులు."

దిగాక ఆమె వీపు తప్ప నాకేమీ కనపడలేదు. తండ్రితో మాట్లాడుతోంది. నాలుగేళ్ళు మాట్లాడని ఇద్దరు. ఏం మాట్లాడుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. మధ్యలో పైకి అరిచింది. "నరం దొరకడం లేదు. ఒళ్ళంతా ఎండిపోయింది." నా కళ్ళలోకి చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. "దొరికింది" అంది.

లీటరు దిగడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ అంచు నుంచి మట్టి కారుతూనే ఉంది. ఎడమ గుంజ మెల్లగా ఒరిగి, మా కళ్ళ ముందే లోపలికి జారింది.

"తల కాచుకో" అని అరిచాను. గుంజ గోడకి కొట్టుకుంటూ పోయిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు, విసుగ్గా. "మీరు పైన్నుంచి వస్తువులు వెయ్యకండి."

మెర్వ్ కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. నలభై ఏళ్ళలో అతను దేవుడి పేరు తిట్టడానికి తప్ప వాడగా నేను వినలేదు.

సీసా అయ్యాక ఆమె చేతులతో తవ్వడం మొదలెట్టింది. సార్జెంట్ గడియారం చూసి నిమిషాలు చెబుతోంది. పన్నెండు నిమిషాలకి కుడి కాలు. పద్దెనిమిదికి ఎడమది. పట్టీ బిగించి తాడు రెండుసార్లు లాగింది.

"ముందు నువ్వు రా" అన్నాను.

"తిప్పు రస్."

"నత్సుమి—"

"తిప్పు."

మెర్వ్ చక్రం తిప్పాడు. మామగారు పైకొస్తుంటే నిచ్చెనలు మూలిగాయి. మొహం బూడిద రంగు. కాళ్ళు రెండు తడి గుడ్డల్లా వేలాడుతున్నాయి. కుడి చేతిలో గోల్ఫ్ కర్ర ఇంకా ఉంది, వేళ్ళు విడిపించలేకపోయాం. నలుగురు ఆయన్ని దుప్పటి మీదకి లాగారు.

అదే క్షణంలో అంచు కదిలింది. స్టాండు ఒక కాలు కుంగి పక్కకి పడింది. నిచ్చెన ఒకటి లోపలికి జారింది. చక్రం ఇక లేదు. తాడు మాత్రం నా చేతుల్లో ఉంది.

"పట్టండి" అన్నాను. అది నా గొంతులా లేదు. వెనక ఆరుగురు తాడు అందుకున్నారు. వెనక్కి తిరిగి పరిగెత్తాం, ఎద్దుల్లా, ఎవరం చూడకుండా. అరచేతుల చర్మం తాడుతో పోయింది. తాడు ఒక్కసారి ఎక్కడో పట్టేసింది. నేల లోపల ఏదో పెద్దగా కూలిన చప్పుడు, కాళ్ళ కింద వణుకు, ఎర్ర దుమ్ము. ఇంకా గట్టిగా లాగాం. తాడు వదులైంది.

వదులైందంటే తెగిందనుకున్నాను. వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది.

"ఆపరా, చాలు" అన్నాడు మెర్వ్. "మనిషిని ఊరి దాకా ఈడుస్తావా?"

దుమ్ములో ఆమె నేల మీద పడి ఉంది. చెవులు, ముక్కు, నోరు అన్నీ మట్టి. ఉమ్మి, పాక్కుంటూ పోయింది. నా దగ్గరికి కాదు. తండ్రి దగ్గరికి. ఆయన మెడ మీద రెండు వేళ్ళు పెట్టింది.

"గుండె తడబడుతోంది" అంది. "బండి తియ్యండి."

విమానంలో ఆయనతో పాటు ఒక్కరికే చోటు. ఆమె ఎక్కింది. తలుపు మూసేముందు నా వైపు చూసిందో లేదో చెప్పలేను, ఎండ నా కళ్ళలో ఉంది. విమానం లేచి చిన్నదై పోయేదాకా రన్‌వే పక్కన నిలబడ్డాను. మెర్వ్ నా చేతులకి గుడ్డ చుట్టాడు. ఆయనకి ఏమైనా అయితే ఆమె ఈ ఊరికి మళ్ళీ రాదు. అది మెర్వ్‌కి కూడా తెలుసు. అందుకే ఏం కాదని చెప్పలేదు.

ఇంటికి పోయి ఫోను ముందు కూర్చున్నాను. మూడు గంటలు. నాలుగు. అయిదు దాటాక మోగింది.

"బతుకుతాడు" అంది నత్సుమి. గొంతు చచ్చిపోయి ఉంది. "గుండె నిలబడింది. మూత్రపిండాల సంగతి రెండు రోజుల్లో తెలుస్తుంది. కుడి కాలు ఉంటుందో లేదో రేపు చెబుతారట."

నేను గుడ్డ చుట్టిన చేత్తో ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"వింటున్నావా?"

"వింటున్నా."

"నాన్న నీకు క్షమాపణ చెప్పమంటున్నాడు. తెలియని చోట తొందరపడ్డాడట. నీ రోజంతా పాడుచేశాడట. ఊరివాళ్ళందరికీ కష్టం కలిగించాడట." ఆమె ఆగింది. "రస్, నువ్వది తీసుకోకు."

"తీసుకోను. ఆయనకి నా మాట చెప్పు. నేనే వదిలేసి పోయానని చెప్పు. మీ పద్ధతి తెలిసే వదిలేశానని."

"ఆయనకి తెలుసు."

"అయినా చెప్పు."

ఫోను పక్కకి జరిపిన చప్పుడు. ఆమె వాళ్ళ భాషలో చెప్పింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. చెప్పడం అయిపోయింది. అటువైపు ఏదో యంత్రం కూస్తోంది. ఆయన జవాబు చెప్పలేదు. నత్సుమి కూడా ఏమీ అనలేదు, ఫోను పెట్టెయ్యనూ లేదు. నేను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను.